పసుపు పెట్టని కార్డు

విశ్వకర్మ పూజ నాడు ఖరగ్‌పూర్‌లో పని చెయ్యమని అడిగేవాడికి బుద్ధి లేదనుకుంటారు. లేత్ మిషన్లకీ, సుత్తులకీ, ఆఖరికి మేస్త్రీల సైకిళ్ళకీ బొట్లు పెట్టి, మైకులు కట్టి, మధ్యాహ్నం ఖిచిడీ వడ్డించుకుని, పొద్దుగూకేదాకా గాలిపటాలు ఎగరేసుకునే రోజు అది. అలాంటి రోజున పొద్దున్న తొమ్మిదింటికే ఆర్థర్ గారు తడిసిన టోపీ చేత్తో పట్టుకుని రైల్వే కంప్యూటర్ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడంటే, ఎక్కడో ఏదో పట్టా తప్పిందన్నమాటే.

హైమవతి కుర్చీలోంచి లేచింది. ఆర్థర్ గారు బ్రేక్‌డౌన్ క్రేనుకి ఫోర్‌మన్. పట్టాలు తప్పిన బోగీలనీ ఇంజన్లనీ ఎత్తి మళ్ళీ పట్టాల మీద కూర్చోబెట్టే ఆవిరి క్రేను అది. ఆయన గ్యాంగులోనే హైమవతి తమ్ముడు గోవిందరావు కూడా ఉన్నాడు. ఎత్తవలసిన బరువుకి ఇనప తాడు చుట్టి, కొక్కేనికి తగిలించి, తాడు బిగిసి బరువు నిలకడగా లేచేదాకా దాని మీదే నిలబడి చూసుకోవడం వాడి పని. ఇంకో మాటలో చెప్పాలంటే, క్రేను తిరగబడితే ముందు ఎవరి మీద పడుతుందో వాడే గోవిందరావు.

"యార్డు సివర లూప్ లైన్లో ఇంజను దిగిపోనాదమ్మా," అన్నాడు ఆర్థర్ గారు. "ముందు సక్రాలు కాలవలోకి జారినాయి. వాన ఆగట్లేదు, గట్టు గంటకో బెత్తెడు కుంగుతోంది. మూడు గంటలకల్లా ఎత్తకపోతే మొత్తం ఇంజనే ఎల్లి కాలవలో కూకుంటాది. నేల మెత్తగా ఉంది, క్రేను దగ్గరికి పోనేదు. యాభై నాలుగు అడుగుల దూరంనుంచి ఎత్తాల. ముందు బాగం బరువు ఇరవయ్యారు టన్నులు. అంత దూరం సెయ్యి సాపితే క్రేను మోస్తాదా, మొయ్యదా? నాకు కాయితం కావాల."

క్రేను ముందుకి చాచే పొడుగాటి ఇనప దూలాన్ని గ్యాంగులో అందరూ చెయ్యి అనే అంటారు. కిందటేడు ఆ చెయ్యి వంగిపోతే వర్క్‌షాపులో నిలువునా రేకులు అతికి బాగుచేశారు, వెనక్కి కొత్త ఎదురు బరువు కూడా కట్టారు. దాంతో క్రేను కేబిన్లో బిగించి ఉన్న పాత పట్టిక చిత్తుకాగితమైంది. కొత్త పట్టిక వచ్చేదాకా, ఎత్తిన ప్రతిసారీ ఎంత దూరానికి ఎంత బరువో లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాము హైమవతి రాసింది. నేల ఎంత మెత్తన, పట్టా ఎంత వాలు, గాలి ఎంత, ఇవన్నీ కలిపితే చేత్తో వేసేసరికి రెండు రోజులు పట్టే లెక్క. కంప్యూటరు మిషను మూడు నిమిషాల్లో తేల్చేది. కాగితం కింద సంతకం హైమవతిది.

"మా మిషను ఇవాళ నడవదండీ," అంది హైమవతి. "రాత్రి ఏసీ పాడైపోయింది. గది చల్లబడందే దాన్ని ముట్టుకోనివ్వరు. రేపటికి గానీ అవదు."

ఆర్థర్ గారు టోపీ నెత్తిన పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"కాలేజీ మిషను ఉంది," అంది హైమవతి. "ఫోను చేసి అడుగుతాను. మీరు వెళ్ళండి, కాయితం నేను పంపిస్తాను."

కాలేజీ వాళ్ళు పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఇస్తామన్నారు. ఆ తర్వాత వాళ్ళకీ పూజే. మూడు గంటల సమయం చేతిలో ఉంది కదా అని హైమవతి కంగారు పడలేదు. ఇలాంటి రోజు వస్తుందనే ఏడాది కిందట ఒక ఏర్పాటు చేసి పెట్టుకుంది మరి.

ఆ ఏర్పాటేమిటో చెప్పాలంటే ముందు ఆ రెండు మిషన్ల గొడవ చెప్పాలి. రైల్వే మిషను పెద్దది, పది అంకెల పూర్ణసంఖ్యనైనా తొణక్కుండా మోస్తుంది. కాలేజీది చిన్నది, కొత్తది, చురుకైనది. కానీ పూర్ణసంఖ్య ముప్ఫైరెండు వేల ఏడువందల అరవై ఏడు దాటితే దాని వల్ల కాదు. కాదని చెప్పి ఆగిపోయినా బాగుండును. ఆగదు. గడియారం ముల్లు పన్నెండు దాటి మళ్ళీ ఒకటి దగ్గరికి వచ్చినట్టు, చుట్టు తిరిగి ఇంకేదో సంఖ్య పట్టుకుని ఏమీ ఎరగనట్టు ముందుకి పోతుంది. ఇది చాలక, ప్రోగ్రాముని చిల్లులుగా పొడిచిన అట్ట కార్డులు చదివే యంత్రాన్ని ఇక్కడ ఐదో నంబరంటారు, అక్కడ రెండో నంబరంటారు. ప్రింటరు ఇక్కడ ఆరు, అక్కడ మూడు. రెండూ మాట్లాడేది ఒకే ఫోర్ట్రాన్ భాష అని పేరే గానీ, ఏ మిషను యాస దానిది.

కలకత్తాలో ట్రైనింగయినప్పుడు హైమవతికి అర్థమైన సంగతి ఒకటే. యాస అన్నది ప్రోగ్రాము నిండా చల్లకూడదు. కొద్ది కార్డుల్లోకి నెట్టి, వాటిని వేరుగా గుర్తుపెట్టుకోవాలి. మిషను మారినప్పుడు ఆ కొద్ది కార్డులూ తీసి మారు కార్డులు పెడితే, మిగతావి ఎక్కడికి తీసుకెళ్ళినా అవే నడుస్తాయి. క్రేను ప్రోగ్రాము మొత్తం ఆరువందల పన్నెండు కార్డులు. ఒక్కో కార్డూ ఒక్కో వరుస. అందులో మిషను యాసవి నలభై చిల్లర ఉంటాయి.

గుర్తు ఎలా పెట్టాలన్నదే చిక్కు. రంగు కార్డులు ఇమ్మని స్టోర్సుకి మూడుసార్లు రాస్తే మూడుసార్లూ తెల్లవే ఇచ్చారు. సిరా రాస్తే కార్డు పీలుస్తుంది. ఎర్ర పెన్సిలు వాడదామంటే, కార్డుల వరస తప్పితే తెలియడానికి కట్ట మీద ఏటవాలుగా ఆ గీత ముందే గీసి ఉంటుంది. ఒకరోజు ఇంట్లో అమ్మ గడపకి పసుపు రాస్తుంటే చూసి, ఒక పసుపు కొమ్ము సంచిలో వేసుకుని ఆఫీసుకొచ్చింది. కొమ్ముని కాస్త తడిపి, యాస కార్డుల పై అంచు మీద సుద్దముక్కలా ఒక్కసారి గీసింది. సొరుగు లాగి పైనుంచి చూస్తే తెల్లటి అంచుల మధ్య నలభై పచ్చటి గీతలు. స్టోర్సు వాళ్ళ మొహాన ఇంతకన్నా చక్కటి జవాబు లేదనుకుంది.

మారు కార్డులు కూడా అప్పుడే రాసి పెట్టుకోవాల్సింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏడాది గడిపేసింది. ఏం, గుర్తులున్నాయి కదా, రెండు గంటల పని.

సొరుగు లాగింది. ఈ చివర్నించి ఆ చివరిదాకా కార్డులన్నీ పచ్చగా ఉన్నాయి.

ఒక్క క్షణం తప్పు సొరుగు తీశాననుకుంది. చీటీ చూసింది, అదే. ఆరువందల పన్నెండు కార్డుల అంచుల మీదా మూడు వేళ్ళతో బారుగా పసుపు పూసి ఉంది. మధ్యలో చక్కగా గుండ్రంగా కుంకం బొట్టు.

"బాబాయ్," అని పిలిచింది.

తవిటయ్య నవ్వుతూ వచ్చాడు. ఆఫీసు అటెండరు. ముప్ఫయ్యేళ్ళు బాయిలర్ షాపులో హైమవతి తండ్రి నూకయ్యతో కలిసి చేశాడు. కుడిచేతి రెండు వేళ్ళు మిషనులో పోయాక, తేలిక పని అని ఇక్కడికి పంపారు. పొద్దున్నే తలంటుకుని, కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు.

"ఈ పసుపేటి బాబాయ్?"

"పూజ సేసినానమ్మా. ఆరింటికే వొచ్చినాను. మిషనుకి, ప్రింటరుకి, కార్డులకి, అన్నిటికీ ఎట్టినాను."

"కార్డులకెందుకు రాసినావు?"

"నువ్వే రాస్తన్నావు గదా, నేను సూడలేదనుకున్నావా? కొన్నిటికి రాసి కొన్నిటిని ఒగ్గేసినావు. పేరంటానికి పిలిసి సగం మందికే పసుపు రాస్తే మిగతావోళ్ళ మనసెలాగుంటాది? పండగ పూట గదా అని అన్నిటికీ సమానంగా రాసీసినాను."

ఇంకొకరైతే నవ్వేవారేమో. హైమవతికి రక్తం నెత్తికెక్కింది.

"నీకు తెలీని దాంట్లో సెయ్యెందుకు ఎట్టినావు? రెండు వేళ్ళు పోయినా నీకు బుద్ధి రానేదా?"

తవిటయ్య మొహంలో నవ్వు ఆగిపోయింది. కుడిచెయ్యి పంచె మడతలోకి వెళ్ళిపోయింది. ఆ మాట నోట్లోంచి రాగానే హైమవతికి సిగ్గేసింది. కానీ క్షమాపణలకి అప్పుడు తీరికేదీ? గోవిందరావు ఈపాటికి ఆ కాలవ గట్టు మీద, వానలో, కాగితం కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

"నేనేటి సెయ్యాలో సెప్పమ్మా," అన్నాడు తవిటయ్య మెల్లగా.

"ఏటీ సెయ్యకు. ఆ ఫ్యానెట్టు. కార్డులు ఆరాల."

ఇక ఆమెకి మిగిలింది ఒక్కటే దారి. ప్రతి కార్డు పైనా సన్నగా అచ్చయి ఉన్న వరుస చదవాలి. ఇది మిషను యాసా, కాదా అని అడగాలి. అవునైతే పక్కకి తియ్యాలి. చదివి, తీసి, పక్కన మారు కార్డు పంచ్ చేసి, మళ్ళీ చదివింది. చదివే వరుసలూ అచ్చువేసే వరుసలూ ఇట్టే దొరికాయి, వాటి మీద నంబర్లే ఉంటాయి కాబట్టి. పెద్ద సంఖ్యలు పుట్టే వరుసలు దొరకడమే కష్టం. ఎక్కడ రెండు సంఖ్యలు గుణిస్తుంటే అక్కడ ఆగి, ఇది ముప్ఫైరెండు వేలు దాటుతుందా అని కాగితం మీద వేసుకోవాలి. సగం దారిలోకి వచ్చేసరికి గడియారం పదకొండు కొట్టింది. అక్కణ్ణించి ఆమె చదవడం మానేసి, గుర్తుతెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఏడాది కిందట కొమ్ము ఎక్కడ గీశాను? ఇక్కడ గీశాను, ఇక్కడ గీశాను. అలా చివరి మూడువందలు జ్ఞాపకం మీద దాటేసింది. పావుతక్కువ పన్నెండుకి లెక్కపెడితే మార్చిన కార్డులు నలభై ఒకటి. నలభై చిల్లర అంటే నలభై ఒకటి కావచ్చు, నలభై నాలుగూ కావచ్చు. సరిగ్గా ఎన్నో ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఆ సంగతి తలుచుకుని తనని తాను తిట్టుకుంది.

తవిటయ్య కార్డుల పెట్టెకి మైనపు గుడ్డ చుట్టి సైకిలుకి కట్టాడు. హైమవతి రిక్షాలో ముందు, అతను వెనక. దారి పొడుగునా మైకులు.

కాలేజీ మిషను ఆపరేటరు బెంగాలీ కుర్రాడు. వాచీ చూసుకుంటూనే కార్డులు యంత్రంలో పెట్టాడు. మొదటిసారి పద్దెనిమిదో కార్డు దగ్గర మిషను ఆగిపోయింది. కంగారులో ప్రింటరు నంబరు ఒకటి మార్చలేదు. హైమవతి మార్చింది. రెండోసారి నాలుగువందల చిల్లర దగ్గర ఆగింది. అదీ మార్చింది. ఆగినప్పుడల్లా ఆమెకి ఒక రకంగా ప్రాణం కుదుటపడుతోంది. ఆగిన తప్పు మంచి తప్పు, ఎక్కడుందో అదే చెబుతుంది. మూడోసారి మిషను ఎక్కడా ఆగలేదు. ప్రింటరు గడగడా కొట్టుకుని ఒక కాగితం కక్కింది.

యాభై నాలుగు అడుగులు, ముప్ఫయ్యొక్క టన్నులు.

ఎత్తవలసింది ఇరవయ్యారు. క్రేను మోస్తుంది.

"ఇంకొక్కసారి నడుపు దాదా," అంది హైమవతి. "ముప్ఫై అడుగులకి నడిపి, మా పాత కాయితంతో సరిచూసుకుంటాను."

"ఆర్ హోబే నా, దీదీ. ఇంక కుదరదు. ఒకటిన్నరయింది. మీకిచ్చింది ఒంటిగంట దాకా." అతను అప్పటికే స్విచ్చి మీద చెయ్యి వేశాడు. మిషను దీపాలు ఆరిపోయాయి.

హైమవతి కాగితం కేసి చూసింది. తప్పుగా కనబడే అంకె ఒక్కటీ లేదు. మూడు గంటలకి గట్టు కూలుతుంది. సంతకం చేసి, మడిచి, తవిటయ్య చేతికిచ్చింది.

"ఆర్థర్ గారికివ్వు. సైకిలు మీద గబగబా ఎల్లు."

తవిటయ్య కాగితం జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.

కాలేజీ వరండాలో బల్ల మీద కార్డులు సర్దుకుంటూ కూర్చుంది హైమవతి. పని అయిపోయింది, ఇంటికి పోవచ్చు. తాల్‌బగీచాలో ఇల్లు నాలుగడుగులే, అమ్మ అన్నం పెట్టి కూర్చుని ఉంటుంది. కానీ చేతులు కట్టని వదలడం లేదు. చివరి మూడువందలూ తను చదవలేదన్న మాట లోపల నలుగుతూనే ఉంది. పోయేదేముంది, చదివేస్తే సరిపోతుంది అనుకుని మూడువందల ఒకటో కార్డు తీసింది.

తీరిగ్గా చదివింది. గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించలేదు. అన్నీ పచ్చగానే ఉన్నాయి కాబట్టి ప్రతి కార్డునీ దొంగలాగే చూసింది. మూడువందల నలభై, నాలుగువందల పది, నాలుగువందల తొంభై. అన్నీ సరిగానే ఉన్నాయి. ఐదువందల ముప్ఫై ఏడో కార్డు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

క్రేను చేతి సొంత బరువుని, ఆ బరువు ఎంత దూరాన వేలాడుతోందో దానితో గుణించే వరుస. చెయ్యి తన బరువుతో తానే క్రేనుని ముందుకి లాగుతుంది. ఆ లాగుడు తీసేశాకే మిగతా బలంతో ఇంజన్ని ఎత్తాలి. చేతి బరువు ఇరవైనాలుగున్నర టన్నుల చిల్లర. మొదట్లో హైమవతి చిల్లర వదిలేసి ఇరవైనాలుగు అనే వేసింది. ఇరవైనాలుగునీ, చెయ్యి నడిమికి ఉన్న ఇరవయ్యేడు అడుగుల దూరాన్నీ, అంటే రెండువందల డెబ్భై పదో వంతుల్నీ గుణిస్తే ఆరున్నర వేలు. చీమంత సంఖ్య. అందుకే ఈ కార్డు మీద ఆమె పసుపు గియ్యలేదు. గీసే అవసరమే లేదనుకుంది.

కానీ జూలైలో ఆర్థర్ గారు వచ్చి, అతికిన చెయ్యిని తూకం వేయించాము, అర టన్ను కూడా వదలొద్దు అన్నాడు. అప్పుడామె బరువుని కూడా పదో వంతుల్లోకి మార్చింది. ఇరవైనాలుగు కాస్తా రెండువందల నలభై ఆరయింది. పెద్ద మిషను కిమ్మనకుండా మోసింది, తను మర్చిపోయింది.

పెన్సిలు తీసి గుణించింది. అరవైఆరు వేల నాలుగువందల ఇరవై. కాలేజీ మిషను అంత మొయ్యలేదు. చుట్టు తిరిగి పట్టుకునేది ఎనిమిది వందల ఎనభై నాలుగు. అంటే ఇరవైనాలుగున్నర టన్నుల ఇనప చెయ్యి దూదిపింజె అయిపోయిందన్నమాట. అది తీసెయ్యని బలమంతా క్రేనుకి ఉన్నట్టు కాగితం మీద అచ్చయింది. మళ్ళీ వేసింది. అసలు అంకె పందొమ్మిది టన్నులు.

ఎత్తబోయేది ఇరవయ్యారు. కాగితం మీద ముప్ఫయ్యొకటి. కింద సంతకం తనది.

గోడ గడియారం రెండూ ముప్ఫై అయిదు చూపిస్తోంది. హైమవతి ఆఫీసు గదిలోకి పరిగెత్తి యార్డుకి ఫోను చేసింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. పూజ. కార్డుల పెట్టె బల్ల మీదే వదిలేసి రోడ్డు మీదకొచ్చి రిక్షా ఎక్కింది.

"యార్డు. జల్దీ."

పూరీ గేట్ దాకా బాగానే వచ్చింది. అక్కడ విగ్రహాన్ని ట్రక్కు మీద పెట్టి ఊరేగిస్తున్నారు, రోడ్డంతా జనం. రిక్షావాడు దిగి చేతులు చాచాడు, ఎటు పోను అన్నట్టు. హైమవతి దిగింది. చెప్పులు బురదలో కూరుకుపోతుంటే విడిచేసింది. చీర కుచ్చిళ్ళు ఎగగట్టి, జనాన్ని మోచేతుల్తో తోసుకుంటూ, పట్టాల పక్క కంకర మీద పడింది. ఆఫీసరమ్మ ఇలా వట్టికాళ్ళతో పరిగెత్తడం చూసినవాళ్ళు ఆ సాయంత్రం ఝపటాపూర్ బస్తీ దాకా చెప్పుకుని ఉంటారు. ఆమె కళ్ళకి ఎవరూ ఆనలేదు. దేవుడా, తాడు తెగనీ, బొగ్గు తడవనీ, ఏదో ఒకటి ఆలస్యం చెయ్యి అని మొక్కుకుంటూ పరిగెత్తింది.

ఏదీ ఆలస్యం చెయ్యలేదు. ఆర్థర్ గారి గ్యాంగు అలాంటిది.

ఆమె వెళ్ళేసరికి తాడు బిగిసి ఉంది. క్రేను నల్లటి పొగ వదులుతూ, కాలవ కేసి పొడుగ్గా చెయ్యి చాచి నిలబడింది. దాని కొక్కేనికి ఇంజను మూతి వేలాడుతోంది. ఇంజను ముందు దూలం మీద, సరిగ్గా ఆ ఇనప చెయ్యి కింద, గోవిందరావు ఒక చేత్తో తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గట్టు మీద ఆర్థర్ గారు కుడిచెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. ఆ చెయ్యి పైనున్నంతసేపూ క్రేను డ్రైవరు ఎత్తుతూనే ఉంటాడు.

"దించండి," అని అరిచింది హైమవతి. ఆవిరి చప్పుడులో ఆ మాట ఆమెకే వినబడలేదు.

అప్పుడు క్రేను వెనక చక్రాలు చూసింది. పట్టాకీ చక్రానికీ మధ్య సన్నగా వెలుతురు కనిపిస్తోంది. చూస్తుండగానే ఆ వెలుతురు వేలెడయింది.

ఆమె ఆర్థర్ గారి మీదకి దూకినట్టే వెళ్ళి, ఎత్తి ఉన్న ఆయన చెయ్యిని రెండు చేతుల్తో పట్టుకుని కిందికి లాగింది. ముప్ఫై ఏళ్ళలో ఆ చెయ్యిని ఎవరూ ముట్టుకుని ఉండరు. క్రేను డ్రైవరుకి కనబడింది చెయ్యి దిగడం ఒక్కటే. అతను దించాడు. తాడు వదులైంది, ఇంజను మూతి బురదలో కూరుకుంది, వెనక చక్రాలు దఢాలున పట్టాల మీద పడ్డాయి. కేబిన్లో ఎవరో బూతులు తిట్టారు.

"ఏటమ్మా ఇది?" అన్నాడు ఆర్థర్ గారు. ఆయన గొంతులో కోపం లేదు. ఆయన కళ్ళు వెనక చక్రాల మీదున్నాయి.

"ముప్ఫయ్యొకటి కాదండీ. పందొమ్మిది. ఆ కాయితం తప్పు."

ఆయన జేబులోంచి కాగితం తీసి, చూసి, మళ్ళీ మడిచాడు. "పాత సేతికి ఈ దూరాన ఇరవై దాటేది కాదు," అన్నాడు. "ముప్ఫయ్యొకటి సూసి నాకూ ఇదేటనిపించింది. మిషను సెప్పింది గదా, కొత్త సెయ్యి గదా అని ఊరుకున్నాను." తర్వాత వెనక్కి తిరిగి, మెత్తటి నేల మీద స్లీపరు దుంగలు పరిచి క్రేనుని పదిహేనడుగులు ముందుకి తెమ్మని, ఈలోగా గట్టుకి దన్నుగా ఇసక బస్తాలు వెయ్యమని కేకలు పెట్టాడు. మనుషులు కదిలారు.

గోవిందరావు గట్టు ఎక్కి వచ్చాడు. ఒంటినిండా బురద. అక్క పాదాలు చూసి మొహం చిట్లించాడు.

"ఏటప్పా, ఇలగొచ్చినావు? కాలికి రత్తం కారతంది."

హైమవతి వాడి భుజం మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచేసింది.

కొంచెం ఎడంగా, సైకిలు పక్కన తవిటయ్య నిలబడి ఉన్నాడు. కొత్త పంచె మోకాళ్ళ దాకా బురదయింది. ఆర్థర్ గారు అతని కేసి తిరిగాడు. పొద్దున్న జరిగిన సంగతి తవిటయ్యే చెప్పుకుని ఉంటాడు.

"సూసినావా తవిటయ్యా, నీ పసుపు ఎంత పని సేసిందో. ఒక మనిషి పోయేవాడు. దీనికి రిపోర్టు రాయకుండా ఎలాగ?"

తవిటయ్య తల దించుకున్నాడు. "నా సేతులే అలగుంటివి బాబూ. రాయండి. నేనే సేసినాను."

గ్యాంగంతా అతన్నే చూస్తోంది. హైమవతికి ఒక సంగతి స్పష్టంగా తెలిసింది. ఆ ఆరువందల పన్నెండు కార్డుల్లో ఏముందో చదవగలిగినవాళ్ళు ఆ గట్టు మీద తను తప్ప ఎవరూ లేరు. తను నోరు మూసుకుంటే చాలు. పసుపు వల్లే ఆ కార్డు మార్చడం తప్పిపోయిందని అందరూ నమ్ముతారు, తవిటయ్య కూడా నమ్ముతాడు. ఆరు నెలల్లో రిటైరయ్యే అటెండరుకి రిపోర్టు వల్ల ఏమంత నష్టం, తన ఉద్యోగం ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తర్వాత చాలా కాలం ఆమె తనని తాను క్షమించుకోలేదు. కానీ వచ్చింది, రాలేదని అనకూడదు.

"బాబాయి తప్పేం లేదండీ," అంది. "రిపోర్టు నా మీద రాయండి. తప్పు వచ్చిన కార్డుకి నేనెప్పుడూ పసుపు పెట్టలేదు. దానికి అక్కర్లేదనుకున్నాను. మీరు జూలైలో సెప్పిన మార్పు సేసినప్పుడు, ఇంకో మిషను మీద ఇది ఏటవుతాదో సూసుకోవాల్సింది నేను. సూసుకోనేదు."

ఆర్థర్ గారికి అంతా అర్థమైందో లేదో. తలూపి, స్లీపర్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. తవిటయ్య మాత్రం కదల్లేదు.

గోవిందరావు చదువు ఆరో తరగతితో ఆగింది గానీ, బుర్ర తక్కువవాడు కాదు. తాడు కట్టేవాడికి ఏ బరువు ఎటు లాగుతుందో పట్టుకోవడం అలవాటు.

"ఉండప్పా," అన్నాడు. "ఆ కార్డుకి నువ్వు గుర్తెట్టలేదు. మరి దాన్నెలగ పట్టుకున్నావు?"

"అన్నీ పచ్చగానే ఉన్నాయి గదా. ఏది యాసదో, ఏది కాదో తెలీక అన్నీ సదివినాను. సదివితే దొరికింది."

"అయితే పొద్దున్న బాబాయి ఆ పసుపు రాయకపోతే?"

హైమవతి తమ్ముడి మొహం చూసింది. వాడు ఊరికే అడుగుతున్నాడు, లెక్క తెలుసుకుందామని. తవిటయ్య తలెత్తి ఆమె నోటికేసే చూస్తున్నాడు.

"నేను గీసిన గీతలు సూసుకుని, ఆ నలభై మార్సి, కాయితం పంపించీసి," అంది, "ఇంటికెల్లి అన్నం తిందును."